మా మామ్మ వయసు ఎంతో తేల్చడానికి సాయం కావాలి (శ్రీకాకుళం పాత సంగతులు తెలిసినవాళ్ళు చూడండి)

గార_అబ్బాయి
అందరికీ నమస్కారం. మాది గార మండలం, కళింగపట్నం పక్కన. మా నాన్నా బాబాయిలూ కలిసి మామ్మకి ఎనభయ్యో పుట్టినరోజు చేద్దామనుకుంటున్నారు. ఆధార్‌లో 01-01-1945 అని ఉంది కాబట్టి ఈ జనవరికి ఎనభై నిండాయని లెక్క. ఆఖరి ఆదివారం భోజనాలు, బంధువులందరికీ ఫోన్లు వెళ్ళిపోయాయి, ఫ్లెక్సీకి కూడా చెప్పేశారు. తీరా ఈ సంగతి మామ్మకి చెప్తే "ఎనభైయా? నాకు ఎనభై ఎప్పుడో ఎల్లిపోనాయి. మా నాన్న రంగం నుంచి నడిచొచ్చినప్పుడే నాకు ముందు పన్ను ఊడింది" అంది. రంగం అంటే రంగూన్, మా వైపు పెద్దవాళ్ళు అలాగే అంటారు. ఇంట్లో అందరూ పెద్దావిడ ఏదో అంటోందిలే అని వదిలేశారు కానీ నాకు ఆ పన్ను మాట మనసులోంచి పోవడం లేదు. ఊరికే అనే మాటైతే పన్ను ఎందుకు గుర్తుంటుంది? మామ్మ చదువుకోలేదు, జాతకం లేదు, బడి సర్టిఫికెట్ లేదు. తన జీవితంలో జరిగినవాటిని బట్టి వయసు తేల్చగలమా? ఏం అడగాలో చెప్తే అడిగి రాస్తాను.

నెల్లిమర్ల_శ్రీను
ముందు తేలికైన పని చెయ్యండి. మామ్మగారి పెద్ద సంతానం ఎవరు, వాళ్ళ సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ ఏముంది?

గార_అబ్బాయి
పెద్దత్త. ఇప్పుడే ఫోన్ చేశాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో 1957 అని ఉందట. మామ్మ కూడా "అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడు పెద్దది పుట్టింది, మంత్రసానికి కొత్త పైసలిస్తే తీసుకోనంది" అంటోంది. అంటే ఆధార్ ప్రకారం మామ్మకి పన్నెండో ఏట మా అత్త పుట్టినట్టు! ఈ రెండు కాగితాలూ ఒకే ఇంట్లో ఒకే బీరువాలో ఇన్నేళ్ళూ ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడు. సిగ్గుగా ఉంది.

పాత_రికార్డులు
నేను రెవెన్యూలో చేసి రిటైరయ్యాను, ఈ 1945 ఎలా పుట్టి ఉంటుందో చెప్తాను. మామ్మగారి పాత ఓటరు కార్డు ఉంటే తీసి చూడండి. ఫోటో ఉన్న ఓటరు కార్డులు 1990ల మధ్యలో ఇచ్చారు. వాటి మీద పుట్టిన తేదీ ఉండదు, "1-1-1995 నాటికి వయసు" అని ఉంటుంది. ఊళ్ళోకి వచ్చినవాళ్ళు మనిషిని చూసి యాభై అనో నలభై అనో రాసుకునేవారు, ముఖ్యంగా ఆడవాళ్ళకి. సన్నగా, జుట్టు నల్లగా ఉంటే పదేళ్ళు తగ్గిపోయేవి. తరవాత రేషన్ కార్డుకి ఆ వయసే ఆధారం, ఆధార్‌కి రేషన్ కార్డు ఆధారం. 1995లోంచి 50 తీసేస్తే 1945, నెలా రోజూ తెలియకపోతే జనవరి ఒకటి. మన జిల్లాలో జనవరి ఒకటినా జులై ఒకటినా పుట్టినవాళ్ళు ఎంతమందో చూడండి, మీకే అర్థమవుతుంది.

కొత్త పైసల మాట మాత్రం గట్టిది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద పైసలు వచ్చాయి. అంతకు ముందు పదహారు అణాలు, అరవై నాలుగు పైసలు. చాలా రోజులు రెండూ కలిసే నడిచాయి, జనం లెక్క తెలియక తికమకపడ్డారు. మంత్రసాని తీసుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

గార_అబ్బాయి
సర్, ఓటరు కార్డు దొరికింది. మీరన్నట్టే 1-1-1995 నాటికి 50. ఆ ఫోటోలో మామ్మకి జుట్టు నల్లగానే ఉంది.

రంగం_మనవరాలు
రంగం అన్న మాట చూసి ఆగలేక రాస్తున్నాను. మాది విశాఖ కంచరపాలెం బర్మా క్యాంపు, మూలం మాత్రం మీ వైపే, బారువ దగ్గర. మీకు ఎంతవరకు తెలుసో గానీ, మన తీరం నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచేవి. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో ఆగి జనాన్ని ఎక్కించుకునేవి. మేస్త్రీలు ఊళ్ళోకొచ్చి ముందు డబ్బిచ్చేవారు, పెళ్ళికో అప్పుకో ఆ డబ్బు పోయేది, మనిషి ఓడెక్కి వెళ్ళి రెండు మూడేళ్ళు అక్కడ బియ్యం మిల్లుల్లోనో రేవులో బస్తాలు మోస్తూనో ఆ అప్పు తీర్చాలి. అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. యుద్ధానికి ముందు రంగూన్ జనాభాలో సగానికి పైగా మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే.

1941 డిసెంబర్ 23న జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. 1942 మార్చిలో ఊరు వాళ్ళ చేతికి పోయింది. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకీ తెల్లవాళ్ళకీ దొరికింది, మిగతావాళ్ళు నడిచారు. నాలుగైదు లక్షల మంది బయల్దేరారని చరిత్ర రాసినవాళ్ళ అంచనా. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ చేరారు, కొందరు సరిహద్దులో తాము (Tamu) అనే ఊరి మీదుగా మణిపూర్, అక్కణ్ణుంచి దీమాపూర్ చేరి రైలెక్కారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. వేలకి వేలు దారిలోనే పోయారు.

మీ ముత్తాత ఏ దారిన వచ్చారో, ఏ కాలంలో ఇంటికి చేరారో అడగండి. అది తెలిస్తే ఏడు కాదు, నెల కూడా పట్టుకోవచ్చు.

ఉద్దానం_కొబ్బరి
మా నాన్న తన వయసుని కొబ్బరి చెట్లతో చెప్పేవాడు. దొడ్డి గుమ్మం దగ్గర చెట్టు తాత పెట్టినది, నాన్న పుట్టిన ఏడు పెట్టాడట. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపానుకి తోటతో పాటు అదీ పోయింది. పొద్దున్న నాన్న ఆ మొదలు మీద కూర్చుని "నా వయసు పడిపోయింది రా" అన్నాడు. తరవాత ఏడాదిన్నరే ఉన్నాడు. మామ్మగారిని ఇప్పుడే అన్నీ అడిగి రాసుకోండి తమ్ముడూ.

గార_అబ్బాయి
నిన్న రాత్రి కరెంటు పోయింది, మామ్మ అరుగు మీద కూర్చుంది, పక్కనే కూర్చుని గంటన్నర అడిగాను. చాలావరకు మామ్మ మాటల్లోనే రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

నాన్న రంగం వెళ్ళేసరికి మామ్మకి ఇంకా ఊహ తెలియదు. నాన్న అంటే మొహం తెలియదు, మనియార్డరు వచ్చిన రోజు అమ్మ చేపల కూర వండేదని మాత్రం తెలుసు. ఒక ఏడు మనియార్డర్లు ఆగిపోయాయి. అమ్మ రోజూ సాయంత్రం రేవు దాకా వెళ్ళి వచ్చేది, ఓడ ఏదీ లేకపోయినా. తరవాత వేసవిలో వాళ్ళ పెద్దమ్మ కుటుంబం విశాఖపట్నం నుంచి రెండు బళ్ళ మీద సామానుతో దిగిపోయారు, అక్కడ బాంబులు పడ్డాయని. రుబ్బురోలు కూడా బండి మీద వేసుకొచ్చారట. "బాంబులు పడ్డాయంటే నాకు భయమేసీది కాదు, ఇంటినిండా పిల్లలొచ్చారని సంబరం" అంది మామ్మ.

వాళ్ళింకా ఇంట్లో ఉండగానే నాన్న వచ్చాడు. వాన పడుతోంది, దుక్కులు మొదలయ్యాయి. మామ్మ ఇదే అరుగు మీద కూర్చుని కదులుతున్న పన్నుని నాలికతో తోస్తూ ఉంది. ఒక మనిషి వచ్చి చూరు కింద నిలబడ్డాడు. కాళ్ళు వాచి స్తంభాల్లా ఉన్నాయి, గెడ్డం, తల మీద గోనెపట్టా. లోపలికి రాలేదు. "మీ యమ్మ ఉందా గుంటా" అన్నాడు. అమ్మని పిలుద్దామని నోరు తెరిస్తే పన్ను ఊడి అరచేతిలో పడింది. అమ్మ బయటికొచ్చి చూసి ఏడవలేదు, మాట్లాడలేదు, లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళ మీద పోసింది. అలా చెంబు తరవాత చెంబు పోస్తూనే ఉందట, పెద్దమ్మ వచ్చి చెయ్యి పట్టుకునేదాకా.

నెల రోజులు ఉప్పేసిన గంజి తప్ప ఏమీ ఇమడలేదు. ఊళ్ళోంచి ఆయనతో వెళ్ళినవాళ్ళు ఐదుగురు, వచ్చింది ఇద్దరు. మణిపూరు కొండల్లో చెప్పులు దొంగిలించేవారట, చెప్పులు పోతే మనిషి పోయినట్టే. అందుకని ఆయన ఆ తరవాత ఇరవై ఏళ్ళు, చనిపోయేదాకా, సొంత ఇంట్లో కూడా చెప్పులు తలకింద పెట్టుకునే పడుకునేవాడు. మామ్మ వాళ్ళ అమ్మ ఆ చెప్పుల మీద పాత చీర ముక్క చుట్టి దిండులా చేసి పెట్టిందట.

ఇది మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా నాన్నకి కూడా.

నెల్లిమర్ల_శ్రీను
చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

రంగం_మనవరాలు
మణిపూరు దారి, వానలు మొదలయ్యాక రావడం, రెండూ కలుస్తున్నాయి. విశాఖ రేవు మీద జపాన్ విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న, అదే రోజు కాకినాడ మీద కూడా. ఊరు సగం ఖాళీ అయిపోయిందని మా ఇంట్లో కూడా చెప్పేవారు. కాబట్టి మీ ముత్తాత చేరింది 1942 జూన్ ఆఖరో జులైయో. దీమాపూర్ నుంచి కలకత్తా మీదుగా వచ్చి చికాకోల్ రోడ్‌లో దిగి ఉంటారు, అంటే ఇప్పటి ఆమదాలవలస స్టేషన్.

విజయనగరం_కోట
అందరికీ బాధగా అనిపిస్తుందేమో గానీ ఒక మాట చెప్పాలి. 1942 నాటి సంగతి ఇంట్లో పెద్దవాళ్ళు వందసార్లు చెప్పుకుంటే, తరవాత పుట్టిన పిల్లలు కూడా తాము చూసినట్టే చెప్తారు, అబద్ధమాడాలని కాదు, నిజంగా అలాగే గుర్తుంటుంది. మా అమ్మ పైడితల్లమ్మ సిరిమాను గురించి తను పుట్టకముందు జరిగినవి కూడా చూసినట్టు చెప్పేది. పన్ను ఒక్కటే సాక్ష్యం అంటే ఒప్పుకోవడం కష్టం. ఇంకో ఆధారం ఏదైనా కావాలి, రాతలో.

గార_అబ్బాయి
మీరన్నది నిజమే కావచ్చు. కానీ ఆ రోజు సంగతి మా నాన్నకి కూడా చెప్పలేదంటే ఇంట్లో వందసార్లు చెప్పుకున్న కథ కాదేమో. రాతలో ఆధారం మాత్రం ఎక్కడ వెతకాలో తెలియడం లేదు.

పాత_రికార్డులు
జనన మరణాల రిజిస్టర్లు అప్పట్లో గ్రామ మునసబు దగ్గర ఉండేవి. 1984లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యాక రికార్డులు పై ఆఫీసులకి చేరాయి, చేరినవి చేరాయి, చెదలు తిన్నవి తిన్నాయి. మీ మండల ఆఫీసులో అడగండి. దొరికినా పిల్ల పేరు ఉండదు, తండ్రి పేరు, పక్కన "ఆడ" అని ఉంటుంది. ఇంకో సంగతి, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు పడేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, తరవాత విశాఖ జిల్లాలో కలిపారు, మన జిల్లా 1950లో ఏర్పడింది. కాబట్టి ఏ జిల్లా కాగితాల్లో వెతుకుతున్నారో చూసుకోవాలి.

పొందూరు_నూలు
ఆడవాళ్ళ లెక్క ఎప్పుడూ కాగితం మీద ఉండదండీ, వస్తువుల మీద ఉంటుంది. మా అమ్మమ్మ పొందూరులో నూలు వడికేది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ సన్నటి పళ్ళకి దూదిలో నలుసు కూడా ఆగదు. అమ్మమ్మ దగ్గర వాళ్ళ అత్తగారు ఇచ్చిన దవడ ఎముక ఉండేది, బొటనవేలు ఆనేచోట అరిగి నున్నగా గుంట పడింది. "పెళ్ళైన ఏడు కొత్తది, దీని గుంట చూసి నా కాపురం లెక్కెయ్యి" అనేది. మేము నవ్వేవాళ్ళం. ఆవిడ పోయాక ఆ ఎముక ఎవరు తీసి పడేశారో తెలియదు, ఇప్పటికీ దాని కోసం మనసు పీకుతుంది.

మీ మామ్మగారి సారె సామాను ఏమైనా మిగిలిందా? ఇత్తడి బిందె, గంగాళం, మరచెంబు? పాతకాలంలో వాటి మీద పేరు కొట్టించేవారు, చాలాసార్లు ఏడు కూడా. అటక మీద చూడండి.

మన్యం_వైపు
మాది పార్వతీపురం పక్క. మా ఊళ్ళో పెద్దవాళ్ళు పిల్లల వయసు "గొడవలకి ముందు, గొడవలప్పుడు, గొడవల తరవాత" అని చెప్తారు. గొడవలంటే శ్రీకాకుళం గిరిజన పోరాటం. 1967 అక్టోబర్ 31న లేవిడిలో ఇద్దరు గిరిజన రైతుల్ని కాల్చి చంపిన దగ్గర్నుంచి లెక్క. మా మేనత్త అప్పుడు పొత్తిళ్ళలో ఉంది, రాత్రి పోలీసులు వస్తున్నారంటే ఏడవకుండా నోట్లో చీర కొంగు పెట్టారట. ఆవిడ కార్డులో పుట్టిన ఏడు 1972.

చంద్రశేఖరం_మాస్టారు
బాబూ, నాకు ఎనభై ఒకటి, నా మాట కాస్త వినండి. తేదీలు తెలియనివాళ్ళకి కూడా తెలుగు సంవత్సరం పేరు తెలిసి ఉంటుంది. ప్రభవ, విభవ అని అరవై ఉన్నాయి కదా. మీ మామ్మగారి అమ్మగారు ఏదో ఒక పేరు అని ఉంటారు. మీరు పేర్లు చదివి వినిపించవద్దు, వినిపిస్తే ఏదో ఒకటి ఔనంటారు. "నువ్వు ఏ సంవత్సరంలో పుట్టావని మీ అమ్మ అనేది?" అని మాత్రం అడగండి.

గార_అబ్బాయి
మాస్టారూ, మీకు దండం పెట్టాలి.

మీరు చెప్పినట్టే అడిగాను. మామ్మ చాలాసేపు ఆలోచించి "ధాత, ధాత అనీది మా యమ్మ. 'ధాత ఏడు, పెద్దపండగెల్లాక పుట్టిన గుంటవి' అనీది. ధాత అంటే ఎవరో మంత్రసాని పేరనుకున్నాను నాను, ఇన్నాళ్ళూ" అంది.

చంద్రశేఖరం_మాస్టారు
ధాత అంటే 1936 ఉగాది నుంచి 1937 ఉగాది దాకా. మళ్ళీ వచ్చింది 1996లో, అప్పటికి మీ మామ్మగారు మనవల్ని ఎత్తుతూ ఉండాలి. పెద్దపండగ తరవాత అన్నారు కాబట్టి 1937 జనవరి ఆఖరు లేదా ఫిబ్రవరి. నాన్నగారు వచ్చేనాటికి ఐదున్నరేళ్ళు. మొదటి పన్ను ఊడే వయసు అదే. ఈ ఏడు ఎనభై ఎనిమిది నిండుతాయి.

విజయనగరం_కోట
సంవత్సరం పేరు వినిపించకుండా అడిగితే వచ్చింది కాబట్టి ఇది నేను ఒప్పుకుంటాను. పన్నుకీ ధాతకీ లెక్క కుదరడం ఊరికే జరగదు. ఆ బిందె సంగతి కూడా చూసి చెప్పండి.

రంగం_మనవరాలు
మా వాళ్ళ కథ ఒక్కటి చెప్పి ఆపుతాను. మా తాత వాళ్ళు 1942లో తిరిగి రాలేదు, అడవిలో ఒక పల్లెలో దాక్కుని, యుద్ధం అయ్యాక మళ్ళీ రంగూన్ వచ్చి చిన్న కిరాణా పెట్టుకున్నారు. 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలు తీసేసుకుంది, మే నెలలో యాభై, వంద చాట్ల (చాట్ అంటే బర్మా డబ్బు) నోట్లు చెల్లవంది. ఇరవై ఏళ్ళ కష్టం డబ్బాలో కాగితాలైపోయింది. ఓడ ఎక్కేటప్పుడు మా నాయనమ్మ చెవుల దుద్దులు కూడా తీయించారు. విశాఖలో దిగేసరికి మా నాన్నకి తొమ్మిదేళ్ళు, తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరం రాదు, బర్మా రాత వచ్చు. నాయనమ్మకి పుట్టిన తేదీ తెలియదు, కానీ బుధవారం పుట్టానని తెలుసు, ఎందుకంటే బర్మాలో వారం బట్టే పేరు పెడతారు, గుళ్ళో కూడా ఏ వారం పుట్టినవాళ్ళు ఆ వారం మూలకి వెళ్ళి నీళ్ళు పోస్తారు. క్యాంపులో గుమాస్తాకి "బుధవారం" అని చెప్తే ఆయన విసుక్కుని ఏదో తేదీ రాశాడు. అది శనివారం. ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ కాగితం చూస్తే మొహం తిప్పుకునేది.

గార_అబ్బాయి
బిందె దొరికింది!

అటక మీద ధాన్యం గాదె వెనక, లోపల పాత వలలు కుక్కి ఉన్నాయి. చిలుము పట్టి నల్లగా ఉంది. చింతపండు పెట్టి గంట తోమాను, మెడ కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు బయటపడ్డాయి. మామ్మ పేరు, వాళ్ళ నాన్న ఇంటి పేరుతో, పక్కన 1952. ఆధార్ నిజమైతే ఏడేళ్ళ పిల్లకి ఆ బిందె ఇచ్చి కాపురానికి పంపినట్టు. నిజానికి పదిహేను.

మామ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. చదవడం రాదు కదా, వేలితో ఆ చుక్కల మీద రాసుకుంటూ పోయి, 1952 దగ్గర ఆగి "ఇది మా నాన్న కొట్టించినాడు, ఓట్లు ఎల్లిన ఏడు. ఇక్కడ ఒక చుక్క ఎక్కువ పడిపోయింది, కంచరి మీద కేకలేసినాడు" అంది. నేను ఫోన్ లైటు వేసి చూశాను. రెండు అంకెలో కింద నిజంగానే ఒక చుక్క ఎక్కువ ఉంది.

విజయనగరం_కోట
ఇక నాకు అడగడానికేమీ లేదు. మామ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

పాత_రికార్డులు
ఇది చెప్పాలా వద్దా అనుకున్నాను. అప్పట్లో వృద్ధాప్య పింఛనుకి 65 నిండాలి. 1937 అయితే 2002కే నిండాయి, కార్డు ప్రకారం 2010కి. ఒకరు ముఖం చూసి రాసిన అంకెకి ఎనిమిదేళ్ళ పింఛను పోయింది. మేము రాసిన అంకెలు ఇలా ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకసారి మార్చుకునే వీలుంది, కాగితాలకి నేను సాయం చేస్తాను, మెసేజ్ పెట్టండి.

గార_అబ్బాయి
చాలా థాంక్స్ సర్. పింఛను సంగతి ఇంట్లో చెప్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. 2005లో తాత పోయాక మామ్మ ఐదేళ్ళు జీడిపిక్కలు కొట్టడానికి వెళ్ళింది. చేతులు నల్లబడి పొక్కులెక్కేవి. అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు అన్నమాట. మేమందరం అరవై అనుకున్నాం.

ఫ్లెక్సీ అబ్బాయికి ఫోన్ చేశాను, ఇంకా ప్రింట్ వెయ్యలేదు, సున్నా తీసి ఎనిమిది పెడితే సరిపోతుందన్నాడు. భోజనాలు ఆఖరి ఆదివారమే. మాస్టారూ, రంగం_మనవరాలు గారూ, మీరు తప్పకుండా రావాలి. రంగూన్ నుంచి వచ్చినవాళ్ళ మనవరాలు వస్తుందని చెప్తే మామ్మ "ఏ దారిన వచ్చారంట?" అని అడిగింది. ఓడ మీద అని చెప్పాను. "అయితే చెప్పులు పోలేదన్నమాట" అంది.

రంగం_మనవరాలు
వస్తాను. మా నాన్నని కూడా తీసుకొస్తాను. ఆయనకి ఆ బిందె చూడాలని ఉందట.